దుంగ దగ్గర చెప్పాల్సిన మాట

“ఆర్లో తర్వాత నువ్వే,” అని పరీక్ష పెట్టే వెర్నా దుంగ అవతలికి వెళ్ళిపోయింది. ఆ ‘నువ్వే’ మాత్రం ఆమె వెంట వెళ్ళకుండా మారెన్ దగ్గరే ఉండిపోయింది, చెవి చుట్టూ తిరిగే దోమలా, కొడితే చావదు, ఊరుకుంటే పోదు. మారెన్ హెల్మెట్ తీసింది, మళ్ళీ పెట్టుకుంది. చేతి తొడుగులు విప్పింది, విప్పాక చేతులను ఏం చేసుకోవాలో తెలియక మళ్ళీ తొడుక్కుంది. కాళ్ళకు కట్టుకున్న నారింజరంగు కవచం అడవి దారులు తెరిచే గుంపులోని ఓరిన్‌ది, ఆయన పొడుగు మనిషి, అది ఆమె బూట్ల మీదికి జారి మడతలు పడుతోంది. మోటారు రంపం జారి తొడ మీద పడితే ఇందులోని నారలు గొలుసు పళ్ళకు చుట్టుకుని దాన్ని ఆపేస్తాయట, తొడకైతే ఇంత ఏర్పాటు చేశారు, గొంతుకు మాత్రం ఎవరూ ఏమీ కుట్టలేదు. జూన్ నెల వచ్చినా చెట్ల నీడల్లో మంచు ముద్దలు మురికిగా మిగిలే ఉన్నాయి, వాటి మీద పైన్ సూదులు, లేడి పెంటికలు, పెట్రోలు కలిసిన నూనె వాసన, ఎవరి ఫ్లాస్కులోంచో కాఫీ వాసన. తర్వాత నువ్వే. నేనే. సరే. నేను ఏం చెప్పాలి, మొదటిది ఏమిటి, మొదటిది ఏం పని చేయబోతున్నాం అన్నది, రెండోది ప్రమాదాలు, పైన ఏముంది, కింద ఏముంది, పక్కన ఏముంది, మూడోది దుంగ ఎటు నొక్కుకుని ఉంది, ఎటు సాగి ఉంది, నాలుగోది తప్పుకునే దారి, అయిదోది కోత. వచ్చు. అన్నీ వచ్చు. లోపల అంత గలగలా వస్తున్నది పళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది.

పోయినేడు పరీక్షలో కూడా ఇంతే. ఇదే వెర్నా, ఇలాగే తలకు గుడ్డ కట్టుకుని, ఇలాగే పెన్ను టకటకలాడిస్తూ నిలబడింది. మారెన్ దుంగ చుట్టూ తిరిగింది, వంగి చూసింది, కాళ్ళ దగ్గరి కొమ్మలు తీసేసింది, పై నుంచి మూడో వంతు కోసి, రంపాన్ని తిప్పి కింది నుంచి పైకి కోసింది, గీత గీసినట్టు రెండు కోతలూ కలిశాయి, దుంగ ముక్క చెప్పిన మాట విన్న కుక్కలా కింద కూర్చుంది. ఒక్క మాట లేకుండా. ఓరిన్ అయితే చప్పట్లు కొట్టబోయాడు. వెర్నా అడిగింది, నువ్వెందుకు ఎగువన నిలబడ్డావు అని. మారెన్‌కు తెలుసు, దిగువన నిలబడితే దుంగ మీదికి దొర్లుతుంది, అది ఈ లోయలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. నోరు తెరిచింది, తెరిచినట్టే గుర్తు, గాలి వచ్చింది, మాట రాలేదు. వెర్నా, “నీ చేతికి రంపం కార్డు ఇవ్వొచ్చు అమ్మాయ్, నోటికి ఇవ్వలేను. పైకి చెప్పకపోతే నీ పక్కనున్నవాళ్ళకు నువ్వేం చేస్తావో తెలియదు. వాళ్ళు నీ మనసు చదువుకుంటూ నిలబడాలా?” అంది. కోపంగా అనలేదు. అదే ఇంకా కష్టం. కోపంగా అని ఉంటే ఇంటికి వెళ్ళి ఏడ్చేసి మర్చిపోయేది. ఏడాది పొడవునా, పాత్రలు కడుగుతున్నప్పుడు, పడుకోబోయే ముందు, స్నానాల గదిలో నీళ్ళ చప్పుడులో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూనే ఉంది, ఎగువన ఎందుకంటే, ఎగువన ఎందుకంటే, ఎగువన ఎందుకంటే.

ఇప్పుడు దుంగ దగ్గర ఆర్లో ఉన్నాడు. ఈ లోయలో బడి బస్సు నడిపి, మొన్న చలికాలమే ఆ పనిలోంచి దిగిపోయిన మనిషి. ఆయన నోరు ఆగడం ఎవరూ చూడలేదు, స్టీరింగు తిప్పుతూ మాట్లాడేవాడు, గేరు మారుస్తూ మాట్లాడేవాడు, మంచులో బస్సు ఇరుక్కుంటే దిగి టైర్లతో మాట్లాడేవాడు. రంపం కార్డు ఉన్న పాత మనిషే, ఆ కార్డు గడువు వసంతంలో తీరిపోయింది, అందుకే మళ్ళీ పరీక్ష. పొద్దున్న ట్రక్కు దిగుతూనే మారెన్‌ను చూసి, “ఏమే మాటల పుట్టా, నిన్నంతా వాగి వాగి గొంతు పోయిందా? కొంచెం మా కోసం మిగల్చకూడదూ,” అన్నాడు. ఓరిన్ నవ్వాడు. మారెన్ కూడా నవ్వింది, ఆర్లో వెక్కిరిస్తే నొప్పి పుట్టదు ఎందుకో, ఆయన అందరినీ అంటాడు, తన పొట్టను కూడా అంటాడు, ఆయన అంటే ఆ మాట తన మీద కాసేపు ఎండ పడినట్టే ఉంటుంది. తన వంతు వచ్చినప్పుడు ఆయన ఉంటే బాగుండు. వద్దు, ఉండకపోతేనే బాగుండు. ఆయన ముందు మళ్ళీ నోరు పెగలకపోతే. ఆయన ఏదో ఒక తమాషా మాట అంటాడు, అందరూ నవ్వుతారు, ఆ నవ్వులో తను తప్పించుకుంటుంది, కార్డు కూడా తప్పించుకుంటుంది.

కార్డు కావాలి. ఈసారి తన కోసమే కాదు. దారుల గుంపులో ఇప్పుడు కార్డు ఉన్నది ఓరిన్ ఒక్కడికే, ఒక్క కార్డుతో గుంపు పైకి వెళ్ళకూడదు, ఇద్దరుండాలి, ఒకరికి ఏమైనా అయితే రెండోవాళ్ళు రంపం పట్టి దారి చేసుకుని మనిషిని కిందికి తేవాలి కదా. గ్రౌస్ చెరువు దారి రెండేళ్ళుగా మూసుకుపోయి ఉంది, అప్పుడెప్పుడో అడవి తగలబడినప్పటి మోడులు ప్రతి చలికాలం ఒకదాని మీద ఒకటి కూలుతూ, మొన్నటి గాలివానకు మిగిలినవి కూడా పడి, పైకి పోయేవాళ్ళు చెట్లెక్కి దిగుతున్నట్టు పోవాలి. ఈ వేసవి కూడా తెరవకపోతే ఆ దారిని పటం మీంచి తీసేస్తామని అటవీశాఖ వాళ్ళు చెప్పారు. తీసేస్తే దారికి ఏమీ కాదు, అక్కడే పడి ఉంటుంది, మీద గడ్డి మొలుస్తుంది. గుంపుకే ఏదో అవుతుంది. ఆ ముసలివాళ్ళంతా ఇంకెక్కడ కలుస్తారు. పదిహేనేళ్ళప్పుడు పెట్రోలు డబ్బా మోయడానికి మొదటిసారి వాళ్ళ వెంట వెళ్ళింది మారెన్, సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఎవరూ ఏమీ అనుకోలేదు, ఓరిన్ తన క్యారెట్‌లో సగం విరిచి ఇచ్చాడు, అంతే. లోకంలో మాట్లాడకపోయినా మనిషిగా లెక్కలోకి వచ్చే చోటు ఒకటుందని ఆరోజే తెలిసింది. ఇప్పుడు ఆ చోటు నిలబడాలంటే మాట్లాడాలట. ఆర్లోకు కార్డు వస్తే చాలు, తనకు రాకపోయినా చాలు, ఆర్లోకు వస్తుంది, ఆయనకు రాకపోవడమేమిటి, మాటలే కదా కావలసింది. ఇలా అనుకోగానే భుజాలు కొంచెం దిగాయి, దిగిన వెంటనే సిగ్గేసింది, అమ్మయ్య అనుకున్నందుకు.

బళ్ళో ఒకసారి హాజరు పిలిచారు. అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే బడి, కిటికీలోంచి గుర్రాలు లోపలికి తొంగి చూసేవి. మారెన్ ఆల్డాల్. ఉన్నాను అంది మారెన్. పెదాలు కదిలాయి. టీచరమ్మ కళ్ళు పుస్తకంలోనే ఉన్నాయి. రాలేదని రాసేసుకుంది. మధ్యాహ్నం అమ్మకు ఫోను వెళ్ళింది, మీ అమ్మాయి బడికి రాలేదు అని, అమ్మ పెట్రోలు బంకులో కౌంటరు వదిలేసి, జుట్టు రేగిపోయి, మంచులో కారు నడుపుకుంటూ వచ్చి తలుపు తోసి చూస్తే, మూడో బల్ల దగ్గర మారెన్ కూర్చుని లెక్కలు చేస్తోంది. అమ్మ అందరి ముందూ ఏమీ అనలేదు. కారులో అంది. “పొద్దుగూకులూ లోకంతో మాట్లాడే నా కడుపున నువ్వెట్లా పుట్టావే? మాటలేమన్నా కొనుక్కోవాలా?” అని, తర్వాత కాసేపటికి, “భయపడ్డానే,” అని. ఆ రెండో మాటే గుర్తుంది. ఉన్న మనిషిని లేదనుకుని ఒక మనిషి ఎంత దూరం పరిగెత్తుకొచ్చిందో. అప్పుడూ ఏమీ అనలేకపోయింది, అమ్మ చలి చేతుల వంక చూస్తూ కూర్చుంది. ఈ ఏడాది ఇంటి వెనక కట్టెల కుప్ప ముందు నిలబడి చెప్పడం నేర్చుకుంది, కట్టెలకు అన్నీ చెప్పింది, ప్రమాదాలు చెప్పింది, తప్పుకునే దారి చెప్పింది, ఒక్క తప్పు లేదు, పిల్లి కూడా విన్నది. కట్టెలు పెన్ను టకటకలాడించవు.

“పక్క మనిషీ, కొమ్మలు తియ్యి,” అని వెర్నా కేక వేసేసరికి మారెన్ ఉలిక్కిపడి లేచింది. అవును, ఆర్లో కోతకు తనే పక్క మనిషి, కోసేవాడి కళ్ళకు అందనిది చూడాల్సిన మనిషి. చెట్లకు కట్టిన గులాబీ రిబ్బను కింద నుంచి దూరి వెళ్ళింది, రంపం ఆడనంతసేపు వెళ్ళవచ్చు, ఆడాక ఆ రిబ్బను దాటకూడదు. దుంగ దారి మలుపులో వాలుకు అడ్డంగా పడి ఉంది, ఒక చివర బండ మీద, ఒక చివర పాత మొద్దు మీద, నడుమ కాస్త వేలాడుతూ. అవతలి కోత పొద్దున్నే అయిపోయింది, ఈ రెండోది పడితే నడిమి ముక్క ఊడి కిందికి దొర్లిపోతుంది. ఆర్లో చెబుతున్నాడు, ఊరూరికీ బస్సు ఆపినట్టు ఒక్కో అంశం దగ్గర ఆగుతూ, పైన చూశాను, వేలాడే కొమ్మ లేదు, నేను ఎగువన ఉంటాను, పైన నొక్కుడు, కింద సాగుడు, కాబట్టి ముందు పై కోత. ఎంత హాయిగా వస్తున్నాయో మాటలు. ఓరిన్ మధ్యాహ్నం తిండి దగ్గర క్యారెట్ వంచి చూపించేవాడు, ఇదిగో లోపలి వైపు ముడతలు పడుతోంది, ఇది నొక్కుడు, బయటి వైపు చీలుతోంది, ఇది సాగుడు, చెట్టైనా ఇంతే, క్యారెట్‌కు కోపం రాదు, చెట్టుకు వస్తుంది. మారెన్ దుంగ చివర కొమ్మలు ఏరి పక్కకు విసిరింది, ఇంకొకటి అందుకోబోయి నేల దాకా వంగింది, వంగితే దుంగ కిందంతా ఒక సొరంగంలా కనబడింది, వెడల్పాటి బెర్రీ ఆకులు, తడి, చీమలు, ఆ ఆకుల వెనక ఒక పిల్ల ఫర్ చెట్టు. మణికట్టంత లావు. వేరు ఆర్లో బూటు పక్కనే ఉంది, తల దుంగ కింద నలిగి ఉంది, మధ్యలో మొత్తం ఒళ్ళు విల్లులా బిగుసుకుని ఉంది. లోపలి వైపు బెరడు ముడతలు పడింది. చచ్చిపోలేదు, ఆకులు పచ్చగానే ఉన్నాయి. కోపంగా ఉంది.

దుంగ ముక్క దొర్లిపోగానే అది లేస్తుంది. ఎటు లేస్తుంది, ఎగువకు, ఆర్లో కాళ్ళ మధ్యలోంచి, మోకాలు, ఇంకా పైకి, రంపం పట్టుకున్న చేతులు. మారెన్ నిటారుగా లేచి నిలబడింది. నిలబడితే కనబడదు, ఆకులే కనబడతాయి. అంటే ఆర్లోకు కనబడలేదు. కనబడిందేమో, ఆయన ఎన్నేళ్ళుగా కోస్తున్నాడు, తను పుట్టకముందు నుంచి కోస్తున్నాడు, చూసే ఉంటాడు, చెప్పడం మర్చిపోయాడేమో, చెప్పేవాడే, అన్నీ చెబుతున్నవాడు అదొక్కటే ఎందుకు చెప్పడు. వెర్నా ఆయన వెనకే ఉంది, ఆమె చూడకుండా ఉంటుందా, వెర్నా కళ్ళు గద్ద కళ్ళు, చూసి, ఆయన చెబుతాడా లేదా అని కాచుకుని ఉందేమో, పరీక్ష అంటే అదే కదా, అందులో తను మధ్యలో దూరి చెబితే ఆర్లో పరీక్ష పోతుంది, ప్రమాదం చూడలేదని కొట్టేస్తారు, డెబ్బై దాటిన మనిషి, బస్సు పోయింది, ఇప్పుడు ఇది కూడా తన వల్లే పోతుందా, అందరి ముందు, తన నోటి వల్ల, ఇన్నాళ్ళు రాని నోరు ఇందుకా వచ్చేది. ఇంకా కొమ్మలు చేతిలోనే ఉన్నాయి. రిబ్బను అవతలికి ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆగాక చెబుదాం. ఆయన మాటల మధ్యలో ఎలా చెబుతాం. ఆగాక. ఆర్లో ఆగాడు, చెవుల మీదికి తొడుగులు దించుకుంటూ ఇటు తిరిగాడు. ఇప్పుడు అడగాల్సిన మాట ఒకటుంది, ‘పక్క మనిషీ, నీకేం కనబడింది’ అని, దానికి పైకి చెప్పాల్సిన జవాబు ఒకటుంది. ఆర్లో ఆ మాట అడగలేదు. నవ్వుతూ, “మారెన్, బండి కదలనా?” అన్నాడు.

ఒకటో తరగతి నుంచి రోజూ అదే. బస్సు మెట్లెక్కి ఆయన వెనక సీట్లో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకోగానే, అద్దంలోంచి చూసి, మారెన్, బండి కదలనా, అనేవాడు, మిగతా పిల్లలెవరినీ అడిగేవాడు కాదు, ఆమె అద్దంలోకి చూసి తలూపేది, అప్పుడు కదిలేది బస్సు. ఆమె చెబితేనే కదులుతుందని చాలా రోజులు నిజంగానే నమ్మింది. ఆమె తలూపింది.

ఊపాక తెలిసింది ఊపానని. తల దానంతటదే ఊగింది, మెడ ఊపింది, ఆ చిన్న పిల్ల ఊపింది, తను ఇంకా ఆలోచిస్తూనే ఉంది కదా, ఆగండి అనబోతోంది కదా, నాలుక పైకి లేచింది కూడా. ఆర్లో తాడు లాగాడు. రంపం ఒకసారి దగ్గింది, రెండోసారి అందుకుంది, ఆ హోరుకు అడవిలోని మిగతా చప్పుళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, కాఫీ వాసన పోయింది, నీలం పొగ వచ్చింది. ఆగండి. తను అన్నదా, అన్నదేమో, తనకే వినబడలేదు. పై కోత మొదలైంది, పొట్టు ఆయన కవచం మీద పసుపుగా రాలుతోంది, మూడో వంతు, పై కోతకు ఏమీ కాదు, కింది కోత పడితేనే, ఇంకా వ్యవధి ఉంది, ఎంత ఉంది, పైన్ కాయ విసరాలి, ఆయన కళ్ళ ముందు పడేట్టు, విసిరింది, అది పొట్టులో పడి పొట్టయిపోయింది, ఆయన కళ్ళు రంపం కొస మీదే ఉన్నాయి, అలాగే ఉండాలి మరి, వెర్నా, వెర్నా, ఆమె కాయితం మీద ఏదో రాసుకుంటోంది, రాయడం అంటే సరిగ్గానే ఉందని, ఆర్లో రంపాన్ని బయటికి లాగాడు, తిప్పుతున్నాడు, కింది వైపుకు పెడుతున్నాడు, మారెన్ కాళ్ళ మీద ఓరిన్ కవచం బరువుగా కొట్టుకుంటోంది, అంటే తను నడుస్తోంది, గులాబీ రిబ్బను పొట్టకు తగిలి సాగి తెగిపోయింది, దిగువకు వెళ్ళకు, ఎగువ వైపు, ఆయన ముందుకు, చేతికి అందనంత దూరంలో, ఆయన చూపు పడే చోటుకు, రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా ఊపింది, ఊపుతూనే ఉంది. ఆర్లో కళ్ళు లేచాయి. అంత భయం ఆ కళ్ళలో ఎప్పుడూ చూడలేదు, తనను చూసి భయపడ్డాడు, తను ఎక్కడ నిలబడి ఉందో చూసి. రంపం ఆగింది.

నిశ్శబ్దం ఒక్కసారిగా వచ్చి మీద పడింది. వెర్నా అప్పటికే వస్తోంది, పెద్ద పెద్ద అంగలతో, రెండు పెదాలూ ఒక గీతలా ఉన్నాయి. ఓరిన్ మొద్దు మీది నుంచి లేచాడు. “ఏమే, ఏమైంది, పిచ్చి పట్టిందా నీకు?” అన్నాడు ఆర్లో, చెవి తొడుగులు ఎత్తి. “రంపం ఆడుతోంది పిల్లా. నీ మొహం మీదికొచ్చేది.” మారెన్ చెయ్యి చాపి ఆయన బూటు దగ్గరి ఆకులు చూపించింది.

“వేలితో కాదు,” అంది వెర్నా. “నోటితో.”

వేలు కిందికి దిగింది. పళ్ళకు పొట్టు అంటుకుంది, ఉమ్మింది. చెప్పు. ఎవరూ కదలడం లేదు, అందరూ తన నోటి వంకే చూస్తున్నారు, ఇదే కదా చిన్నప్పటి నుంచి భయం, ఇదిగో వచ్చేసింది, ఇంతే, ఇంతకంటే పెద్దదేం కాదు. “అక్కడ పిల్ల చెట్టు ఉంది,” అంది. గొంతు పిల్లి గీరినట్టుంది. “ఆకుల కింద. వంగి ఉంది. తల దుంగ కింద ఇరుక్కుంది, వేరు ఆర్లో కుడి బూటు పక్కనుంది. లోపలి బెరడు ముడతలు పడింది, బాగా బిగిసింది. ముక్క దొర్లగానే అది ఎగువకు లేస్తుంది, మోకాలి మీద కొడుతుంది, రంపం ఆయన చేతుల్లో ఉండగా.” ఆగుదామనుకుంది, ఆగలేదు, ఇంకా ఒకటి మిగిలింది, అది అన్నిటికంటే అడుగున ఉంది. “నేను ముందే చూశాను. కొమ్మలు తీస్తున్నప్పుడే. ఆర్లో అడిగితే తలూపాను. చెబితే ఆయన కార్డు పోతుందనుకున్నాను. మీరు చూసే ఉంటారనుకున్నాను.”

వెర్నా మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకు తీసింది. చాలాసేపు చూసింది. ఆర్లో కూడా వంగి చూశాడు, చూసి, నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేశాడు, ఆ అడుగులు వేసేటప్పుడు మాత్రం ముసలివాడిలా ఉన్నాడు. “నేను చూడలేదు,” అంది వెర్నా లేచి, ఓరిన్‌కు కూడా వినబడేట్టు. “ఆయన వెనక నిలబడి కూడా చూడలేదు. అది కూడా రాసుకుంటున్నాను.” రాసుకుంది. తర్వాత మారెన్ వైపు తిరిగి, “రంపం ఆడుతుండగా లోపలికి వచ్చావు. ఆగాల్సినంత దూరంలో ఆగావు, ఎదురుగా వచ్చావు, అందుకని ఇంటికి పంపడం లేదు. కానీ ఆ తలూపడం ఉందే, ఈ పనిలో మనుషులు పోయేది దానివల్లే. దుంగల వల్ల తక్కువ,” అంది. ఆమె ఆర్లో చేతిలోని రంపం అందుకుని, పక్కకు నిలబడి, ఆ పిల్ల చెట్టు వంపులోపలి వైపు పలచగా, జున్ను గీరినట్టు గీరుతూ పోయింది, దాని బలం కొంచెం కొంచెంగా వదులుతూ, చివరికి అలసిన మనిషి కూలబడినట్టు చప్పుడు లేకుండా విరిగింది. రంపం కింద పెట్టి, “ఆర్లో, నీకీ ఏడు కార్డు లేదు. వచ్చే వసంతంలో రా,” అంది. ఆర్లో తలూపలేదు, సరేనన్నాడు. పైకి అన్నాడు. మారెన్ ఎటు చూడాలో తెలియక నేల మీది పొట్టు వంక చూస్తూ నిలబడింది. ఆయన బూట్లు వచ్చి ఆ పొట్టులో ఆగాయి. “బడికెళ్ళిన మొదటి రోజు నుంచీ దాచుకున్నావు కదే మాటలన్నీ,” అన్నాడు, “తెచ్చి తెచ్చి నా మీదే ఖర్చు పెట్టావు.” నవ్వబోయాడు గానీ కుదరలేదు. బూట్లు వెళ్ళిపోయాయి. పోకండి అనుకుంది మారెన్. అనుకుంది, అనలేదు. ఇదొకటి మిగిలిపోయింది.

“నీ దుంగ అది,” అని వెర్నా మలుపు పైనున్న ఇంకొకదాన్ని చూపించింది. “పక్క మనిషి ఆర్లో.” ఆయనేనా, ఇప్పుడా, ఆయన మొహం ముందా. రంపం ఎత్తుకుంది, బరువు చేతులకు తెలిసిన బరువే, పైకి నడిచింది, దుంగ చుట్టూ తిరిగింది, మోకాళ్ళ మీద వంగి అడుగంతా చూసింది, లేచింది. చెప్పు. ఏం పని. “ఈ దుంగను రెండు చోట్ల కోసి దారి తెరవాలి.” “నాకు వినబడుతోంది,” అంది వెర్నా, “ఓరిన్‌కు వినబడాలి, అదిగో అక్కడున్నాడు.” మళ్ళీ చెప్పింది, గొంతు పగిలింది, పగిలినా చెప్పింది. ప్రమాదాలు, పైన ఒక మోడు ఉంది, దాని బెరడు ఊడుతోంది, గాలి లేదు, గాలి వస్తే ఆపేస్తాను. నేను ఎగువన నిలబడతాను, ఎగువన ఎందుకంటే దుంగ దిగువకు దొర్లుతుంది. తప్పుకునే దారి ఇది, ఈ రాయి అడ్డం వస్తుంది, తీసేస్తున్నాను, తీసేసింది. పైన నొక్కుడు, కింద సాగుడు, పై కోత మూడో వంతు, తర్వాత కింది నుంచి. మాటలు గలగలా రావడం లేదు, ఒక్కొక్కటీ బరువు మోసుకొచ్చి దింపినట్టు వస్తున్నాయి, అయినా వస్తున్నాయి, దింపుతున్నకొద్దీ కిందికి దిగుతున్నాయి, అక్కడ నిలుస్తున్నాయి. వెర్నా పెన్ను టకటకలాడలేదు. “చాలు,” అంది. “కోత నీకు వచ్చని పోయినేడే చూశాను. నాకు మిగిలింది ఇదే. కోసి కిందికి రా, కార్డు రాసిస్తాను. సోమవారం మీవాళ్ళు చెరువు దారి పట్టొచ్చు, ఓరిన్.” ఓరిన్ దూరంగా, చేతిలోని టోపీతో చెబుతున్నట్టు ఏదో అన్నాడు.

మారెన్ హెల్మెట్ సరిచేసుకుంది, తాడు మీద చెయ్యి వేసింది, ఇటు తిరిగింది. ఈ దుంగ చుట్టూ కట్టిన రిబ్బను అవతల ఆర్లో నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ జేబుల్లో, ఎటో చెట్ల మధ్యకు చూస్తూ. “ఆర్లో,” అంది. “మీకేం కనబడింది?” ఆయన ఇటు చూడకుండానే బొటనవేలు పైకెత్తాడు. కానీ ఆ వేలు కొంచెం లేచి ఆగిపోయింది, జేబు అంచు దగ్గరే. ఆయనకు ఇంకా కోపంగా ఉంది, కోపం కాదేమో, ఏదో పోయింది, దాన్ని పోగొట్టింది తనే, ఇప్పుడు ఆయన్ని ఇంకా అడగాలా, వదిలేస్తే ఏమైంది, తను చూసుకుంది కదా, అడుగంతా చూసుకుంది, ఏమీ లేదు, తాడు లాగితే అయిపోతుంది, అందరూ ఇంటికి పోతారు. తాడు మీది చెయ్యి తీసేసింది. రంపం నేల మీద పెట్టింది. “నోటితో చెప్పండి, ఆర్లో,” అంది, కాస్త గట్టిగా, ఓరిన్ దాకా వినబడేట్టు. అడవిలో ఎక్కడో వడ్రంగి పిట్ట కొడుతోంది, ఆగింది. ఆర్లో ఆమె వంక చూశాడు, జేబుల్లోంచి చేతులు తీశాడు. నోరు తెరిచాడు, మూశాడు. “చూడలేదు,” అన్నాడు చివరికి. “నేను సరిగా చూడలేదమ్మా. ఊరికే వేలెత్తాను.” రిబ్బను కింద నుంచి దూరి వచ్చి, ఒక చెయ్యి దుంగ మీద ఆనించుకుని, నొప్పి పెట్టే మోకాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి నేల మీద దింపి, ఆకులు తీసి తీసి చూడసాగాడు. “కొంచెం ఆలస్యమవుతుంది,” అన్నాడు దుంగ కింద నుంచి.

“చూసే చెప్పండి,” అంది మారెన్. “నాకేం తొందర లేదు.”